నల్లగొండ బస్సులో మైనపు బిళ్ల

నల్లగొండ బస్టాండులో ఆరుంబావు హైదరాబాదు బస్సెక్కాను. నాలాంటి పని మీద పోయేవాళ్లు ఎడమవైపు కూర్చోండి, నార్కట్‌పల్లి దాకా ఎండంతా కుడి కిటికీలదే. ఒళ్లో స్టీలు డబ్బా, అందులో తడిగుడ్డ మధ్య ప్లాస్టిక్ సంచిలో చుట్టిన చిన్న మైనపు బిళ్ల. నా రొమ్ములోంచి కోసిన గడ్డ ముక్కను ఆ మైనంలో దాచారు. ఏప్రిల్ ఎండకు అది కరిగితే పరీక్ష పాడవుతుందట.

ఆపరేషనయ్యాక డాక్టరు నన్ను బయట కూర్చోబెట్టి, మా ఆయనతో "మహా బతికితే రెండేళ్లు" అన్నాడు. తలుపు సరిగా పడలేదు, విన్నాను. వారం తిరక్కుండానే మా ఆయన నా పేరున రాజీనామా రాసి సంతకానికి తెచ్చాడు. పదహారేళ్లుగా బళ్లో లెక్కలు చెబుతున్నాను. ఈ రెండేళ్లు ఏ లెక్కన వచ్చాయంటే ఎవరూ చెప్పరు. ఒళ్లు మండింది. గడ్డకు ఆడ హార్మోనును పట్టుకునే గుణముంటే రోజూ మాత్రతో అదుపు చేయొచ్చని, అది తేల్చే పరీక్ష హైదరాబాదులో ఉందని ఒక నర్సు చెప్పింది. సంతకం పెట్టని కాగితాన్ని సంచిలో వేసుకుని ఒంటరిగా బయలుదేరాను.

పక్క సీట్లో బిల్కీస్ బీ. గాజులమ్ముతుంది, మంగళవారం మంగళవారం సరుకుకు పోతుంది.

"డబ్బాల ఏమున్నదమ్మా, గంత పైలంగ పట్టుకున్నవ్?"

చెప్పాను. ఆమె జంకలేదు. చౌటుప్పల్‌లో బస్సాగితే నేను టీ తాగుతుంటే, తన సీసాలో నీళ్లతో గుడ్డ మళ్లీ తడిపింది. "ఫికర్ చెయ్యకు, గది చల్లగనే ఉన్నది."

తొమ్మిదిన్నరకు ల్యాబులో గుమాస్తా నా వెనక్కి చూశాడు. "మీ ఆయన రాలేదా? గిసొంటి రిపోర్టులు మగోళ్లకే ఇస్తం."

"గడ్డ నాది. రశీదు నా పేర్న రాయి."

రాశాడు.

రెండు వారాల తర్వాత అదే బస్సులో వెళ్లి, ల్యాబులోనే రిపోర్టు కవరు చింపాను. లోపలున్న లేడీ డాక్టరు నా పాత కాగితాలూ చదివింది.

"ఆ గుణం గట్టిగనే ఉన్నది. మాత్ర పనిచేస్తదని ఆశ పెట్టుకోవచ్చు. కానీ జబ్బు చంకల రెండు గ్రంథులకు పాకింది, పరీక్షలు మానొద్దు."

"రెండేళ్లని ఉన్నదా?"

"గట్ల ఎవరు రాస్తరమ్మా?"

గోడ పట్టుకుని ఏడ్చాను. తర్వాత హోటల్లో కడుపునిండా భోంచేశాను.

నాలుగు గంటల బస్సులో గాజుల పెట్టెలతో బిల్కీస్ బీ ఎదురైంది. విషయం విని, "చెయ్యి ఇటియ్యి" అంది. కుడి చేతికి డజను ఆకుపచ్చ గాజులు ఎక్కించింది. ఆపరేషనైన వైపు ఎడమ చెయ్యి వాచి ఉంది, ఒక్కటీ ఎక్కలేదు. ఈ రెండు ప్రయాణాల్లో నేర్చుకున్నది ఒక్కటే చెబుతాను: మీ కవరు మీరే చింపండి.

"ఎడమ చేతివి కట్టియ్యి," అన్నాను. "వాపు తగ్గినంక బడికి ఏసుకపోత."

"చుట్టనీకె కాగితమున్నదా?"

సంచిలోంచి రాజీనామా తీసి ఇచ్చాను.