ఫోను కోసం ఆర్పిన కర్పూరం

రాబర్ట్‌సన్‌పేటలో కింద మా బట్టల అంగడి, పైన మా ఇల్లు. నేను బడికి పోలేదు. మా నాయనే ఇంట్లో కూర్చోబెట్టి తెలుగు నేర్పాడు. ఆపాటి చదువు పెట్టినందుకు ఈనాటికీ ఆయనకు మనసులో దండం పెట్టుకుంటాను. ఫోను నాకు రెండు పనులకే: పొద్దున దేవుడి పాటలు వినడానికి, మధ్యాహ్నం రాయల్పాడులో ఉన్న మా అక్కతో మాట్లాడడానికి.

ఒక ఆదివారం మా ఆయన అన్నం తింటూ ఏదో వీడియో చూశాడు. భార్య ఫోనులో పైకి కనబడని యాప్‌లుంటాయి, సెట్టింగుల లోపలికి పోయి వెతకండి, ఉంటే ఆమె ఎవరితోనో చాటుగా మాట్లాడుతున్నట్టే అని అందులో చెప్పారట. చేయి కడుక్కుని నా ఫోను తీసుకున్నాడు.

"ఈ యాపేందే? బయట యాడా కనబడదు. ఈ పొద్దు గూడా వాడినట్టు చూపిస్తా ఉండాది."

"నాకు తెలీదండీ. అక్కతో మాట్లాడినాను, అంతే."

"అక్కతో మాట్లాడేదానికి దొంగ యాప్ ఎందుకే?"

ఆ తరువాత ఫోను మోగితే చాలు, ఆయన కళ్ళు నా ముఖం మీదే. భయపడి అక్క ఫోను ఎత్తడం మానేశాను. దానికీ అనుమానమే. చివరికి, సంచి సర్దుకో, మీ నాయన దగ్గర వదిలేసి వస్తానన్నాడు.

అప్పుడు మా అత్త కల్పించుకుంది. "పొలం గట్టు తగాదాలకే కర్పూరం ఆర్పి సత్యం చేస్తారు గదప్పా. ఆమెనూ ఆర్పమను. ఆర్పితే ఇంగ నువ్వు నోరెత్తకూడదు."

"ఆర్పుతావా?" అన్నాడాయన నా వైపు చూడకుండా.

దేవుడి ముందు పళ్ళెంలో వెలిగించారు. నేను ఏ తప్పూ చేయలేదని చెప్పి అరచేత్తో అదిమాను. బొబ్బ లేచింది. స్వామి నా పక్కనే నిలబడ్డాడని తెలిసింది. మా ఆయన "సరే" అని అంగడికి దిగిపోయాడు.

ఆ సాయంత్రం ఆయనకు నీళ్ళు తీసుకుపోతుంటే అత్త అడ్డం వచ్చి నా చేతిలో చెంబు లాక్కుంది. "అయ్యో, నేనెట్ల మరిచిపోయినానే!" అని తల కొట్టుకుంది. సత్యం అడిగినవాళ్ళకూ చేసినవాళ్ళకూ మధ్య నీళ్ళూ అన్నమూ చేతులు మారకూడదు. మావాళ్ళలో అది కట్టుబాటు. గట్టు కోసం పోట్లాడుకున్న రెండిళ్ళవాళ్ళు అలా బతకగలరు. ఒకే ఇంట్లో మొగుడూ పెళ్ళామూ ఎలా? దాన్నుంచి విడుదల కావాలంటే సత్యం అడిగిన మనిషే అదే చోట కర్పూరం వెలిగించి, తప్పుగా అడిగినాను అనాలి.

కొన్నాళ్ళకు అత్త తన ఫోనులో మాట సరిగా వినబడడం లేదని ఆయనకిచ్చింది. సెట్టింగుల్లో అదే యాప్. ఆయన తన ఫోను తెరిచాడు. అందులోనూ ఉంది. ఫోను మోగితే పిలిచినవాళ్ళ పేరు చూపించేది అదేనట, ఫోనుతోపాటే వస్తుందట.

"ఈ వయసులో నాకెవుడున్నాడప్పా, చెప్పు?" అంది అత్త. "నీకెవతి ఉండాది?"

ఆయన నవ్వాడు. ఇంక తప్పుగా అడిగినాననే ఆ మాట అంటాడని నేను వంటింటి గుమ్మంలో ఎదురుచూశాను.

"కంపెనీవాళ్ళు పెట్టిందంట. ఇంగ వదిలేయండి."

"వదిలేసేది కాదురా. వచ్చి కర్పూరం ముట్టించు."

"నేనేం తప్పు చేసినానని? అడిగినాను, ఆర్పింది. అయిపాయ."

సత్యం చేసిన నాటినుంచీ నేను వండుతాను, అత్త వడ్డిస్తుంది. వణికే ఆ చేతిని మా ఇంట్లో ఉంచినందుకు దేవుడికి రోజూ దండం పెట్టుకుంటాను. మొన్న ఊరిగాంలో బంధువులింటి పేరంటానికి ఆమె వెళ్ళింది. ఆయన ఖాళీ పళ్ళెం ముందు కూర్చున్నాడు. గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. పూజ గదిలో కర్పూరం బిళ్ళ సిద్ధంగా ఉంది. విడిగా పెడితే హరించుకుపోతుందని రోజూ కొత్తది పెడుతూనే ఉన్నాను. అది ఆయనకూ తెలుసు.

ఆయన పూజ గదిలోకి పోలేదు. గిన్నె కింద పెట్టి నేను పక్కకు తప్పుకున్నాను. ఆయన లేచి వచ్చి తానే వడ్డించుకున్నాడు. తిని, బిందెలో నీళ్ళు తానే ముంచుకుని తాగి, మెట్లు దిగిపోయాడు.