బాపు రిపోర్టులో ఆడవాళ్ల హార్మోన్

ఊరికే నమ్మడం నాకు చేతకాదు. తాళం వేశానా లేదా అని సగం దారిలోంచి వెనక్కి వచ్చే మనిషిని. జగిత్యాలలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్తాను కాబట్టి, ఆ గుణానికి శాస్త్రీయ దృష్టి అని పేరు కూడా పెట్టుకున్నాను. చివరికి అది, మేం బాపు అని పిలిచే మా నాన్న కాలి మీదికే వచ్చింది.

బాపు సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపేవాడు. తొడ మీద గడ్డ లేస్తే, రోజంతా సాంచాకు ఆనుకొని నిలబడటం వల్ల కొవ్వు గట్టిపడిందని షెడ్డులో అందరూ తేల్చేశారు. మా వాళ్లు ఏ నొప్పినైనా సాంచా మీదికే నెట్టేస్తారు. ముక్క తీసి పరీక్షకు పంపితే కొవ్వు కణాల క్యాన్సర్ అని వచ్చింది. తొందరగా ఆపరేషన్ చేయాలని డాక్టరమ్మ చెప్పింది. బాపు సరేనన్నాడు.

రిపోర్టు రెండో పేజీ చదివింది నేను. 'ఈస్ట్రోజెన్ రిసెప్టార్ పాజిటివ్' అని ఉంది. ఈస్ట్రోజెన్ ఆడవాళ్ల హార్మోన్ అని ఏటా బోర్డు మీద రాసేది నేనే. దాన్ని అందుకునే రిసెప్టార్ల కోసం రొమ్ము క్యాన్సర్‌లో వెతుకుతారనీ తెలుసు. అరవై దాటిన మగమనిషి తొడలో వాటికేం పని? ఎవరో ఆడమనిషి ముక్క బాపు పేరు మీదికి వచ్చిందని ఆ నిమిషమే ఖాయం చేసుకున్నాను. ముక్క ఇచ్చిన రోజు ల్యాబులో సీసాలన్నీ ఒకే తీరుగా వరుసగా ఉండటం చూశాను. కౌంటర్‌లో అమ్మాయి ఫోన్ మాట్లాడుకుంటూ వాటికి చీటీలు అంటించడమూ చూశాను. నాకు ఇంకేం కావాలి?

"బాపూ, గిది నీ రిపోర్ట్ కాదు. ఆపరేషన్ చేయించుకోకు."

"డాక్టరమ్మను ఒక్కమాట అడుగరాదు బిడ్డా?"

"తప్పు చేసినోళ్లు ఒప్పుకుంటరా బాపూ?"

అడగలేదు. ఆపరేషన్ వాయిదా వేయించాను. కోరుట్లలో ఇంకో డాక్టర్‌కు చూపిస్తే ఆయనా అదే మాట చెప్పాడు. ఇద్దరూ ఒకటేనని ఆయన్నీ అనుమానించాను. అట్లా రెండు నెలలు పోయాయి. నిమ్మకాయంత గడ్డ బత్తాయంత అయింది. అప్పుడు మళ్లీ ముక్క తీయాల్సిందేనని మొదటి ఆసుపత్రిలోనే పట్టుబట్టాను.

ఆ రోజు బాపు జేబులోంచి పచ్చ నూలు పోగు తీశాడు. షెడ్డులో ఒకరు నేసిన తాను ఇంకొకరి దాంట్లో కలవకుండా ఎవరికి వాళ్లు బట్ట అంచుకు తమ రంగు నూలు కడతారు. బాపుది పచ్చ నూలు, రెండు ముడులు. ముక్క వేసిన సీసా మెడకు ఆ పోగు చుట్టి, తన రెండు ముడులూ వేశాడు.

"నాకైతే అనుమానం లేదు. నీది తీరాలె గద" అన్నాడు.

రిపోర్టు వచ్చిన రోజు, సీసా చూపిస్తే గానీ కదలనని ల్యాబులో గొడవ పెట్టుకున్నాను. చూపించారు. పచ్చ నూలు, రెండు ముడులు. రిపోర్టులో అదే క్యాన్సర్, రెండో పేజీలో అదే వాక్యం.

అప్పుడు అడిగాను డాక్టరమ్మను. ఆమె నన్ను వింతగా చూసింది.

"మగోళ్ల ఒంట్ల గుడ ఈస్ట్రోజెన్ ఉంటదమ్మా. కొంత కొవ్వులనే తయారైతది. గిసొంటి గడ్డలల్ల కొన్నిట్ల ఆ రిసెప్టార్లు కనబడుతయి. దానికి హార్మోన్ మందులు పనిచేస్తయా అన్నది ఇంకా తేలలే. ఇప్పటికైతే ఆపరేషనే. మొదట్లనే అడుగకపోతివి?"

అప్పుడే చేసి ఉంటే గడ్డ చుట్టూ కొంచెం తీస్తే సరిపోయేదట. ఇప్పుడు తొడ కండరం చాలావరకు తీయాల్సి వచ్చింది. బాపు కర్ర పట్టుకొని నడుస్తాడు, సాంచా దగ్గర నిలబడలేడు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఇప్పుడు కొన్ని నెలలకోసారి స్కాన్ తీయిస్తాం. మొన్న కవరు చేతికి రాగానే అలవాటుగా నా వేలు పేరు మీదికి, వయసు మీదికి, నంబరు మీదికి పోయింది. పక్కన బెంచీ మీద కూర్చున్న బాపు నా వేలినే చూస్తున్నాడు.

"నాదేనా బిడ్డా?" అన్నాడు. ఎగతాళి లేదు, నిజంగానే అడిగాడు.

నంబరు ఇంకా పూర్తిగా చూడలేదు. "నీదే బాపూ" అన్నాను.