పెద్దమ్మ అల్లిన కుళ్లాయి

కుళ్లాయి అనే మాటను మా ఇంట్లో చివరిదాకా వాడింది మా పెద్దమ్మ ఒక్కతే. ఆ రోజులకే మేమంతా మంకీ క్యాపులోకి వచ్చేశాం. ఇప్పుడు మా అమ్మాయి దాన్ని ఇంకేదో అంటుంది, నాకు నోరు తిరగదు. ఆ పాత మాట గుర్తొచ్చినప్పుడల్లా ముందు నవ్వొస్తుంది, ఆ వెంటనే సిగ్గేస్తుంది.

అచ్యుతాపురంలో నాకు మొదటి ఉద్యోగం వచ్చిన ఏడాది అది. పెందుర్తిలో పెద్దమ్మ దగ్గరుండి పొద్దున్నే కంపెనీ బస్సెక్కేవాణ్ణి. ఆవిడ కాన్పుల ఆసుపత్రిలో ఆయాగా చేసి మానేసిన మనిషి. పుట్టిన ప్రతి బిడ్డకీ ఊలు కుళ్లాయి అల్లి తొడిగేదట. ఆ చేతికి వేరే నమూనా రాదు కనుక చలికాలం రాగానే నాకూ అదే అల్లింది. గులాబీ రంగు, నెత్తిన కుచ్చు, గడ్డం కింద ముడేసుకోవడానికి రెండు తాళ్లు (మీసాలొచ్చిన మగాడికి!). వీధి మలుపు దాకా పెట్టుకుని, మలుపు తిరగ్గానే టిఫిన్ బ్యాగులో కుక్కేసేవాణ్ణి.

అక్కడితో ఆగినా బాగుండేది. ఎవరైనా ఏమైనా అన్నారా అని ఆవిడ ఓ సాయంత్రం ఆశగా అడిగితే, బస్సులో అందరూ తమకీ కావాలంటున్నారని కోసేశాను. ఏదో సంతోషిస్తుందని. ఆవిడ సంతోషించి ఊరుకునే రకమా? అప్పటికే షుగరు వల్ల చూపు దాదాపు పోయింది. అయినా వేళ్లతో కుట్లు తడుముకుంటూ ఒకదాని తర్వాత ఒకటి అల్లేసింది. అవన్నీ నా లాకరులో చేరి, చివరికి నా బూట్లకి చోటు లేకుండా పోయింది. ఇంటికొచ్చి మాత్రం ఎవరికెలా నప్పిందో వర్ణించేవాణ్ణి. సూపర్‌వైజరు తాళ్లు కూడా కట్టుకుంటున్నాడని చెప్పిన రోజు పెద్దమ్మ రెండు ముద్దలు ఎక్కువ తింది.

ఒకరోజు పొద్దున్న తనూ బస్సు దాకా వస్తానంది. ఎంత చెప్పినా వినలేదు, నా భుజం పట్టుకుని నడిచింది. బస్సొచ్చి ఆగింది. కిటికీల్లో ఒక్క తల మీదా ఏమీ లేదు.

“అందరూ ఎట్టుకున్నారేటిరా?” అంది.

“ఎట్టుకున్నారు పెద్దమ్మా. బస్సంతా గులాబీ రంగే.”

ఆవిడ మొహం వెలిగిపోయింది. నన్ను పంపేముందు తల మీద చెయ్యి వేయడం ఆవిడకి అలవాటు. మలుపు దగ్గర కుళ్లాయి తీసేయడం నాకు అలవాటు. ఆ పూట కూడా నాకు తెలియకుండానే తీసేశాను. ఆవిడ చెయ్యి నేరుగా నా జుత్తులోకి వెళ్లి, కాసేపు అక్కడే ఉండిపోయింది.

“జుత్తు బాగా పెరిగిపోనాదిరా. ఆదివారం కటింగ్ సేయించుకో” అంది. అంతే.

బస్సెక్కి, బ్యాగులోంచి కుళ్లాయి తీసి పెట్టుకుని, తాళ్లు గట్టిగా ముడేసుకున్నాను. బస్సంతా ఒకటే నవ్వు. పెద్దమ్మ అప్పటికే పాలకొచ్చిన పక్కింటావిడ చెయ్యి పట్టుకుని వెనక్కి నడుస్తోంది.

ఆ తర్వాత ఆవిడ సూదులు ముట్టలేదు. వేళ్లు నొప్పెడుతున్నాయంది. ఆదివారం కటింగ్ చేయించుకొచ్చి ఆవిడ చేతిని నా తల మీద పెట్టుకుంటే, బాగుందంది. క్షమించమని అడగడానికి ఇంతకన్నా మంచి సమయం దొరకదని అప్పుడే అనుకున్నాను, అనుకుని అన్నానికి కూర్చున్నాను. ఎండలు ముదరకముందే పెద్దమ్మ పోయింది.

ఇప్పుడు నాకు కత్తిరించాల్సినంత జుత్తే లేదు. గులాబీ కుళ్లాయి పెట్టుకుని బీచ్ రోడ్డంతా తిరిగి రాగలను. ఎవరేమనుకుంటారో అన్న బెంగ ఎప్పుడు పోయిందో నాకే తెలియదు. పెద్దమ్మ బస్సు దాకా వచ్చిన ఆ రోజుకి ఒక్క పూట ముందు పోవలసింది.