జున్నుకు కుదరని సంబంధం

ఉరవకొండ గౌస్‌బీ వృత్తి పెళ్ళి సంబంధాలు కుదర్చడం. అలవాటు మాత్రం, కుదిరిపోతున్న సంబంధాన్ని కుదరనివ్వకపోవడం. రెండువైపులవాళ్ళూ సరేననుకుని, ఇక నోట్లో చక్కెర వేసుకోవడమే తరువాయి అనుకునే వేళకు ఆమె కొంగు సర్దుకుని, గొంతు సవరించుకుని, "ఇంగొక్క మాట ఉండాది" అనేది. ఆ మాట వినగానే అనుభవం ఉన్నవాళ్ళు చక్కెర గిన్నె మీద మూత పెట్టేసేవాళ్ళు.

ఒకసారి అంతా అయిపోయాక ఆమెకు పిల్లవాడు గురక పెడతాడా అన్న అనుమానం వచ్చింది. అది తేల్చడానికి పిల్ల మేనమామను పిల్లవాడి ఇంట్లో పడుకోబెట్టారు. ఆయన పెట్టిన గురకకు ఆ ఇంట్లో ఎవరూ నిద్రపోలేదు, పిల్లవాడితో సహా. కాబట్టి విషయం తేలలేదు. ఆయన మళ్ళీ వెళ్ళాడు. మూడోసారికి ఆ ఇంటివాళ్ళు ఆయన కోసం ఒక మంచం విడిగా వేసి ఉంచారు. నాలుగోసారి పిల్ల తల్లి కూడా తోడు వెళ్ళి ఆ ఇంట్లో బొరుగుల ఉగ్గాణి చేసింది. చివరికి నిఖా జరిగిననాడు రెండు కుటుంబాలూ కొత్త వియ్యంకుల్లా లేవు. ఒకే ఇంట్లో పుట్టి, కొట్లాడుకుని, రాజీపడి, అలిసిపోయినవాళ్ళలా ఉన్నాయి. గౌస్‌బీ కుదిర్చిన పెళ్ళి ఒక్కటీ చెడిపోలేదని ఊళ్ళో చెప్పుకుంటారు. ఎందుకు చెడలేదో మాత్రం ఎవరూ ఆలోచించలేదు.

దివాకర్ అయితే అసలే ఆలోచించలేదు. అతను గౌస్‌బీ ఇంటి ముందుగది అద్దెకు తీసుకుని రెండు టీవీలతో వీడియో గేమ్ షాపు పెట్టుకున్నవాడు. డిగ్రీ చదివాడు, ఉద్యోగం రాలేదు. వానలు కూడా రాలేదు కాబట్టి చేలో శనగ వేసే పనీ లేదు. షాపు బాగానే ఉంది గానీ ఒక్క చిక్కు. కరెంటు మెయిన్ స్విచ్ గౌస్‌బీ వంటింట్లో, ఉప్పు డబ్బా పక్కన ఉంది.

ఆ షాపులో అందరికీ ఇష్టమైన ఆట ఒకటుండేది. బెంగళూరు నుంచి పాత సీడీగా వచ్చింది. అడవిలో మృగాలను పట్టి, పెంచి, జత కట్టించి, ఇంకా పెద్ద మృగాలను పుట్టించాలి. గౌస్‌బీ మధ్యాహ్నం పూట వక్కాకు నములుతూ గడప మీద కూర్చుని చూసేది. చూసి ఊరుకునే రకం కాదు గదా!

"ఏమప్పా దివాకరా, ఈ పిల్లోడు అట్ల పరిగెత్తి యాడికి పోతాండాడు?"

"వాళ్ళ అక్కను దెయ్యాలరాజు ఎత్తుకపోయినాడు పెద్దమ్మా. విడిపించల్ల."

"మొన్న ఇంగో ఆట పెట్టినావే, దాంట్లో చెల్లెల్ని ఎత్తుకపోయినారు. వీళ్ళ ఇండ్లకు గడియలు లేవా?"

అడవిమృగం ముందు మాంసం ముక్క పడేస్తే అది మచ్చికై వెంట వచ్చేస్తుంది. అది చూసి ఆమె ముక్కున వేలేసుకుంది. "ఒక్క ముక్కకే ఇల్లు విడిచి వచ్చేస్తాదా? దానికి అమ్మానాయనా లేరా? అడిగినారా వాళ్ళను?" రాజుగారు లోకాన్ని కాపాడమని పిల్లవాడికి ఒక కట్టె, ఒక పనికిమాలిన మృగం ఇచ్చి పంపితే ఆమెకు నిజంగా కోపం వచ్చింది. "అంత కోట కట్టుకున్నోడు, ఒక మంచి కత్తి ఇచ్చేదానికి చేతులు రాలేదే!"

రాజుగారిచ్చిన ఆ పనికిమాలిన మృగమే దివాకర్ ప్రాణం. నీలంగా, గుండ్రంగా, ఎముకల్లేకుండా తొణుకుతూ ఉండేది. దానికి జున్ను అని పేరు పెట్టాడు. అందరూ మొదటి ఊరు దాటగానే దాన్ని వదిలేసేవాళ్ళు. దివాకర్ వదల్లేదు. మేపి మేపి, ఓడి ఓడి, దాన్ని మల్లయుద్ధాల మైదానంలో పైమెట్టు దాకా తెచ్చాడు.

షాపుకు ఎదురుగా గోవిందప్ప ఎస్టీడీ బూత్. అందులో కూర్చునేది ఆయన అన్న కూతురు పద్మప్రియ. మడకశిర అమ్మాయి, మాటల్లో అక్కడక్కడా కన్నడం దొర్లేది. మధ్యాహ్నాలు ఫోన్లు చేసేవాళ్ళుండరు కాబట్టి రోడ్డు దాటి వచ్చి ఆడేది. ఆమె పెంచిన నిప్పుబల్లి పేరు మిరపకాయ. దానికి కోపం ముక్కుమీదే ఉండేది. జున్నునూ మిరపకాయనూ జత కట్టిస్తే పుట్టే గుడ్డులోంచి బంగారు డ్రాగన్ వస్తుందనీ, అది లేకుండా చివరి తలుపు వెనక ఉన్న దెయ్యాలరాజును ఎవరూ గెలవలేరనీ దివాకర్ కనిపెట్టాడు. మిరపకాయ ఉన్న మెమరీ కార్డు పద్మప్రియ చేతిసంచిలో ఉంటుంది. ఆమె వస్తే తప్ప జత కుదరదు.

అతని మనసులో ఉన్న లెక్క వేరు. ఆ డ్రాగన్ పుట్టాలి, దెయ్యాలరాజు చావాలి, పద్మప్రియ చప్పట్లు కొట్టాలి, ఆ సందడిలో తన మాట చెప్పేయాలి. మామూలుగా చెప్పే ధైర్యం అతనికి లేదు. "కాఫీ తాగుతావా" అని అడగడానికే గోడవైపు తిరిగేవాడు.

మొదటిరోజు ఇద్దరి కార్డులూ పెట్టి, జత మీట నొక్కబోతుండగా గడప మీద నుంచి గొంతు సవరించిన చప్పుడు వినిపించింది.

"ఇంగొక్క మాట ఉండాది."

"పెద్దమ్మా, ఇవి మృగాలు!"

"అయితే ఏమప్పా? సంబంధం సంబంధమే. ఒకదానికి ఎముకల్లేవు. ఇంగొకటి నోరు తెరిస్తే నిప్పు. రేపు మాటా మాటా పెరిగితే ఈ జున్ను కరిగిపోదా?"

"అవును పెద్దమ్మా," అంది పద్మప్రియ గంభీరంగా. "మా మిరపకాయకు కోపం శానా ఎక్కువ."

దివాకర్ ఆమెవైపు దిగులుగా చూశాడు. మిరపకాయ కోపం తగ్గించడానికి దానికి నెల్లాళ్ళు తీపి ఆకులు తినిపించాల్సి వచ్చింది. ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని అడవంతా తిరిగి ఆ ఆకులు ఏరారు. కోపం తగ్గాక గౌస్‌బీకి వంశం సంగతి గుర్తొచ్చింది.

"ఈ జున్ను అమ్మానాయనా ఎవరు?"

"తెలీదు. రాజు ఊరికే ఇచ్చినాడు."

"ఊరికే ఇచ్చినాడంటే ఏదో లోపం ఉంటాది. కనుక్కోండి."

"కనుక్కోవల్ల పెద్దమ్మా," అంది పద్మప్రియ. "మా ఇంటి మృగాన్ని ఎట్లపడితే అట్ల ఇయ్యలేము."

మళ్ళీ మొదటి ఊరికి పోయి, ప్రతి ఇంటి తలుపూ కొట్టి, ప్రతి ముసలాయననూ అడిగారు. ముసలాయనలంతా ఒకే వాక్యం చెప్పారు, "ఈ రోజు గాలి చల్లగా ఉంది" అని. చల్లగాలి మాట చదివి దివాకర్, పద్మప్రియ ఒకేసారి నవ్వారు. బయట ఎండకు రోడ్డు మీద తారు మెత్తబడుతోంది. ఆ నవ్వు దివాకర్‌కు వారం రోజులు సరిపోయింది.

ఒకసారి ఓర్చుకోలేక, గౌస్‌బీ నమాజులో ఉందని చూసి మీట నొక్కాడు. తెర మీద ముసలి పూజారి వచ్చి హెచ్చరిక చదివాడు. గుడ్డు పుట్టగానే తల్లీతండ్రీ నిన్ను విడిచి వెళ్ళిపోతారు, మళ్ళీ తిరిగిరారు, సరేనా అని. ఆ ఆటలో అదే ఆచారం. దివాకర్ ఇంగ్లీషులో ఉన్న ఆ మాటలను తెలుగులో పద్మప్రియకు చెబుతుండగా నమాజు ముగించుకుని గౌస్‌బీ వచ్చి నిలబడింది.

"ఏమన్నావు? గుడ్డు పెట్టి ఇద్దరూ పోతారా? యాడికి?"

"దేశాల మీదికి. ఆట అట్లనే ఉంటాది పెద్దమ్మా."

"బిడ్డను వదిలేసి?"

"బిడ్డకు వాళ్ళ విద్యలన్నీ వస్తాయి గదా."

"విద్య వస్తే? అన్నం ఎవరు పెడతారు?" అని లోపలికి పోయింది. టప్పున రెండు టీవీలూ ఆరిపోయాయి. వంటింట్లోంచి ఉప్పు డబ్బా జరిపిన చప్పుడు వినిపించింది. ఆ రోజు నుంచి దివాకర్ మీట దగ్గరికి చేయి తీసుకుపోతే చాలు, కరెంటు పోయేది. వీధిలో అందరికీ కరెంటు ఉండేది, ఒక్క దివాకర్‌కు తప్ప.

అట్లా నడుస్తుండగా ఊళ్ళో సెల్‌ఫోన్లు ఎక్కువయ్యాయి. గోవిందప్ప బూత్ మూసేసి బోర్డు దించేశాడు. పద్మప్రియను మడకశిర పంపించేస్తున్నారని తెలిసిననాడు దివాకర్ అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. ఆమె పోతే ఇక రాదు. మాట మనసులోనే ఉండిపోతుంది.

ప్రయాణం రోజు మధ్యాహ్నం పద్మప్రియ బట్టల సంచితో వచ్చింది. అనంతపురం బస్సుకు ఇంకా కొంచెం వేళ ఉంది. కార్డు తీసి ఇచ్చింది. దివాకర్ రెండు కార్డులూ పెట్టాడు. జున్ను తొణికింది. మిరపకాయ తోక ఊపింది. పూజారి వచ్చాడు. దివాకర్ మీట మీద వేలు పెట్టాడు.

టప్.

ఇన్నాళ్ళూ ఎవరినీ పల్లెత్తు మాట అనని దివాకర్ కుర్చీ తోసేసి లేచాడు. "పెద్దమ్మా! నీకు మేమేం అన్యాయం చేసినాము? కోపం ఎక్కువంటివి, తగ్గించినాము. వంశం అంటివి, ఊరంతా అడిగినాము. ఈ పొద్దు గాకపోతే ఇంగ ఈ పాప ఈడికి రాదు! తెలుసునా నీకు?"

గౌస్‌బీ వంటింట్లోంచి నెమ్మదిగా వచ్చి గడప మీద కూర్చుంది.

"తెలుసు కాబట్టే గదరా కరెంటు పీకుతాండేది," అంది. "మొదటి రోజే నీ గుడ్డు పుట్టి, నీ దెయ్యం చచ్చింటే, రెండోరోజు ఆ పాప ఈ గడప ఏంటికి ఎక్కుతాది? సంబంధం తేలనంత కాలమే రెండిండ్ల నడమ కాళ్ళు ఆడతాయి. నలభై ఏండ్లుగా నేను చేసే పని అదే. నువ్వేమో ఎప్పుడెప్పుడు తేల్చేద్దామా అని మీట పట్టుకుని కూర్చుంటివి. ఇట్లాంటి పిచ్చోన్ని నేను యాడా చూడలేదు."

పద్మప్రియ తలవంచుకుని సంచి తాడు వేలికి చుట్టుకుంటోంది.

"ఈ ఎత్తు నాకు మొదటిరోజే తెలిసింది," అంది మెల్లగా. "అందుకే పెద్దమ్మ ఒక మాట అన్నప్పుడంతా నేనూ ఒకటి కలుపుతా ఉంటిని. మా మిరపకాయకు అసలు కోపమే లేదు. నేనే కారం తినిపించి కోపం పెంచినా."

"మృగాల సంగతి అట్ల పెట్టు," అంది గౌస్‌బీ. "నీ సంగతి అడుగు. గోడతో గాదు, ఆ పాపతో."

దివాకర్ గోడవైపు తిరగబోయి ఆగిపోయాడు. అడిగాడు. ఏమడిగాడో అతనికే గుర్తులేదు. కాఫీ గురించి కూడా ఏదో అన్నాడని పద్మప్రియ తర్వాత చెప్పింది. ఆమె తలూపింది. ఎదురుగా మూసేసిన బూత్ ముందు కుర్చీ వేసుకుని కూర్చున్న గోవిందప్ప, "అడిగినాడా?" అని కేక వేశాడు. "అడిగినాడు!" అని గౌస్‌బీ కేక వేసింది. "ఎన్నాళ్ళకప్పా!" అని ఆయన లేచి, అన్నతో తానే మాట్లాడతానని పద్మప్రియ వెంట బస్సు ఎక్కాడు.

మడకశిరలో మాటలయ్యాయి. పెద్దలంతా సరేనన్నారు. తాంబూలాలు మార్చుకోబోతూ అందరూ ఒక్కసారి గౌస్‌బీ వైపు చూశారు. ఆమె కొంగు సర్దుకుంది, గొంతు సవరించుకుంది. దివాకర్ తాంబూలం పళ్ళాన్ని తన దగ్గరికి లాక్కున్నాడు.

"ఏం లేదు, వక్క అడ్డం పడింది," అందామె. "కానీయండి."

పెళ్ళయి ఏడాది తిరిగాక దివాకర్‌కు కూతురు పుట్టింది. గౌస్‌బీ వచ్చి పాపను ఒళ్ళో వేసుకుని, ముందు పద్మప్రియను చూసింది, తర్వాత దివాకర్‌ను చూసింది. ఇద్దరూ ఉన్నారని రూఢి చేసుకుంది.

"చూసినావా? ఎవరూ యాడికీ పోలేదు. ఆ ఆట చేసినోళ్ళకు చెప్పు."

జున్ను, మిరపకాయ ఇప్పటికీ జత కట్టలేదు. ముందుగదిలోని పాత టీవీలో పక్కపక్కనే తొణుకుతూ, తోక ఊపుతూ ఉన్నాయి. చివరి తలుపు వెనక దెయ్యాలరాజు ఎదురుచూస్తూనే ఉన్నాడు. పిల్లవాడి అక్కను ఇంకా ఎవరూ విడిపించలేదు. అయ్యో పాపం కదా అని పద్మప్రియ అంటే గౌస్‌బీ తేలిగ్గా తీసిపారేసింది. "దెయ్యమైనా ఇన్నేండ్లు అన్నం పెట్టి సాకుతాండాడు. మంచోడే అయ్యుంటాడు. వానికి ఇంగా పెండ్లి గాలేదు గదా? ఆ యమ్మికీ గాలేదు."

గౌస్‌బీ కొంగు సర్దుకుంది.

"ఇంగొక్క మాట ఉండాది..."