కోచ్ గారికి మా అమ్మాయి గురించి చెప్పిన నాలుగు మాటలు

కన్నకూతురి రెండేళ్ల కష్టాన్ని నాలుగు నిమిషాల్లో నాశనం చెయ్యడం ఎలాగో నేర్చుకోవాలనుకునేవాళ్లు నా దగ్గరికి రావచ్చు. ఆ విద్యలో న్యూజిలాండ్ మొత్తానికీ నన్ను మించినవాడు లేడు. ఆ పని నేను కోపంలో చెయ్యలేదు, తాగి చెయ్యలేదు. నవ్వుతూ, చేతులు కట్టుకుని, ఎంతో మర్యాదగా చేశాను. మూడేళ్లయింది. ఇప్పటికీ హామిల్టన్‌లో కారు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా ఆ నాలుగు నిమిషాలూ గుర్తొచ్చి స్టీరింగ్ మీద నుదురు కొట్టుకుంటాను. పక్క కారువాళ్లు నాకేదో జబ్బు అనుకుని అద్దాలు పైకెత్తుకుంటారు.

మా అమ్మాయి పేరు మేఘన. అప్పటికి పదిహేడేళ్లు. స్కూల్లో సాఫ్ట్‌బాల్ ఆడేది. తెలియనివాళ్లకి ఒక మాట: సాఫ్ట్‌బాల్ అంటే బేస్‌బాల్‌కి స్వయానా చెల్లెలు. బంతి కాస్త పెద్దది, చేతిని కిందినుంచి తిప్పి విసరాలి. ఆ విసిరే మనిషిని పిచర్ అంటారు. మేఘన పిచర్.

రోజూ పొద్దున అయిదింటికి తనే అలారం పెట్టుకుని లేచేది. గరాజ్‌లో కట్టిన వలలోకి నూట యాభై బంతులు విసిరేది. ఇక్కడ చలికాలం జూలైలో. ఆ చలిలో, కారు అద్దం మీద మంచు గీక్కోవలసిన రోజుల్లో కూడా అంతే. ధప్ ధప్‌మనే ఆ చప్పుడే మా ఇంట్లో సుప్రభాతం. నేను దుప్పట్లో పడుకుని ఆ చప్పుళ్లు లెక్కపెట్టేవాణ్ని. నూట యాభై పూర్తయ్యేదాకా నేనూ లేచేవాణ్ని కాదు. క్రమశిక్షణ మా వంశంలోనే ఉంది.

ఈ కష్టమంతా అమెరికాలో ఒక కాలేజీ టీమ్‌కి ఆడాలని. అక్కడి కోచ్‌లు మంచి ఆటగాళ్లను వెతుక్కుంటూ ఇంత దూరం వస్తారు. వాళ్లకి చూపించడం కోసమే షోకేస్ అని ఒక టోర్నమెంట్ పెడతారు. అందులో కప్పు ఎవరికొచ్చిందో ఎవరికీ అక్కర్లేదు. కంచె అవతల మడత కుర్చీల్లో నోట్‌బుక్కులు పట్టుకుని కూర్చున్న నలుగురైదుగురి కంట్లో పడాలి, అదీ అసలు ఆట. పెళ్లిచూపుల్లాంటిదే అనుకోండి, కాకపోతే ఒకేసారి అరవైమంది పెళ్లికూతుళ్లు, అందరి మోకాళ్లకీ మట్టి.

ఆ ఏడు షోకేస్ టౌరంగాలో జరిగింది. పొద్దున్నే బయల్దేరి కొండదారి దాటి వెళ్లాం. గ్రౌండ్ పక్కన కారు ఆపగానే టీమ్ మేనేజర్ షారన్ ఎదురొచ్చింది. ఈవిడ కూతురు రూబీ కూడా మా టీమ్‌లో పిచరే. షారన్ తల్లిదండ్రులందర్నీ పోగుచేసి చెప్పింది.

"కోచ్‌ల దగ్గరికి మనంతట మనం వెళ్లకూడదు. వాళ్లే వచ్చి అడిగితే నిజం చెప్పండి, చాలు. బంతి ఎంత స్పీడుగా పోతోందో వాళ్ల మెషిన్ చెప్తుంది. పిల్ల ఎలాంటిదో మాత్రం ఇంట్లోవాళ్లనే అడుగుతారు."

మా ఆవిడ సునీత నావైపు తిరిగింది. "ఏమండీ, విన్నారుగా. మీరు ఎక్కువ మాట్లాడకండి."

"నేనెప్పుడు ఎక్కువ మాట్లాడాను?"

"ఎవరైనా అడిగితే నన్ను పిలవండి."

"నువ్వెందుకు? నేను తండ్రిని కానా?"

ఆ ప్రశ్నకి జవాబు రెండు వారాల తర్వాత దొరికింది.

ఆ రోజు మేఘన ఆడిన ఆట నేను జన్మలో మర్చిపోను. బ్యాట్ పట్టుకుని వచ్చినవాళ్లు వచ్చినట్టే వెనక్కి పోయారు. ఒక పిల్లయితే బంతి తన పక్కనుంచి వెళ్లిపోయాక తీరిగ్గా బ్యాట్ ఊపింది, ఎవరికో టాటా చెప్తున్నట్టు. మడత కుర్చీల్లోంచి ఒకావిడ లేచి కంచె దాకా వచ్చి నిలబడింది. పొట్టి జుట్టు, నల్లద్దాలు, చేతిలో నోట్‌బుక్. పేరు డానా. మేఘనకి అన్నిటికంటే ఇష్టమైన కాలేజీ కోచ్ ఆవిడే. నా గుండె కూడా గరాజ్‌లో బంతిలాగే కొట్టుకోవడం మొదలుపెట్టింది.

ఆట అయిపోయింది. సునీత కాఫీకని వెళ్లింది. లైన్లో ఆవిడ ముందు ఇరవైమంది. సరిగ్గా అప్పుడే డానా నా దగ్గరికి వచ్చింది.

ఇక్కడ మన ఆచారం ఒకటి మనవి చేసుకోవాలి. నిజానికి చెప్పక్కర్లేదు, మీ ఇంట్లోనూ అదే. బయటివాళ్లు మన పిల్లల్ని మెచ్చుకుంటే మనం వెంటనే ఖండించాలి. "మీవాడు బాగా చదువుతాడండీ" అంటే "ఏం చదువు, పుస్తకం ముట్టడు" అనాలి. "పిల్ల ఆరోగ్యంగా ఉంది" అంటే "ఎక్కడండీ, మొన్నటిదాకా జ్వరం" అనాలి. లేకపోతే దిష్టి. పైగా గర్వం అనుకుంటారు. కాకిపిల్ల కాకికి ముద్దే, మన జాతి కాకులు మాత్రం ఆ సంగతి బయటపెట్టవు. దీనికి తోడు, ఎదుటివాళ్ల పిల్లల్ని ఆకాశానికెత్తాలి. ఇదంతా మనలో మనకి తెలుసు. ఒకాయన "మావాడు శుద్ధ మొద్దు" అంటే "ఓహో, ఫస్ట్ ర్యాంకన్నమాట" అని అర్థం చేసుకుంటాం. పాపం ఆ అమెరికా ఆవిడకి ఈ లెక్క ఎవరూ చెప్పలేదు.

ఇంగ్లీషులో జరిగిన ఆ ఘోరం మీ కోసం తెలుగులో.

"మేఘన నాన్నగారు మీరేనా? మీ అమ్మాయి అద్భుతంగా ఆడిందండీ."

"అబ్బే, ఏదో ఆడుతుందిలెండి. ఇవాళ అదృష్టం బాగుంది."

ఆవిడ నవ్వింది. "సొంతంగా ప్రాక్టీస్ చేస్తుందా?"

నూట యాభై బంతులు, అయిదు గంటల అలారం, మంచు, అన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. దిష్టి గుర్తొచ్చింది. "ఎక్కడండీ! వట్టి బద్ధకం. తిన్న కంచం కూడా తియ్యదు."

ఆవిడ నవ్వు కాస్త తగ్గింది. నేను గమనించలేదు. నా వినయానికి ముగ్ధురాలైపోయిందనుకున్నాను.

"భుజం ఎలా ఉంది? ఎప్పుడైనా దెబ్బ తగిలిందా?"

పిల్ల ఒళ్లు నిక్షేపంలా ఉందని పైకి చెప్పే తండ్రి ఎవడు? "ఎప్పుడూ ఏదో ఒక నొప్పేనండీ. చిన్నప్పట్నుంచీ వీక్. సరిగ్గా తినదు."

ఆవిడ నోట్‌బుక్ తెరిచింది. అది చూసి నాకు ఇంకా హుషారు పుట్టింది.

"టీమ్‌లో అందరితో ఎలా ఉంటుంది?"

"మొండిఘటం. వాళ్లమ్మ పోలిక." ఇది మాత్రం ఉత్త అలవాటుకొద్దీ అన్నాను.

ఆవిడ రాసుకుంటోంది. ఇక ఆచారంలో రెండో భాగం మిగిలింది. అవతల నెట్స్ దగ్గర రూబీ కనిపించింది. వేలెత్తి చూపించాను.

"అదిగో, ఆ పిల్లని చూడండి. రూబీ. పిల్లంటే అలా ఉండాలి. బంగారం! ఎంత కష్టపడుతుందో! దాన్ని చూసి నేర్చుకోమని మా అమ్మాయికి రోజూ చెప్తుంటాను."

డానా నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చింది. "ఇంత నిజాయితీగా మాట్లాడిన తండ్రిని నేనింతవరకూ చూడలేదు" అంది.

సునీత కాఫీలతో వచ్చేసరికి నేను ఛాతీ విరుచుకుని నిలబడి ఉన్నాను. "ఏమడిగింది?" అంది. "అంతా నేను చూసుకున్నాను" అన్నాను. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. జారిందని తెలిస్తే కదా తీసుకునేది! నేను దారంతా విజిల్ వేసుకుంటూ డ్రైవ్ చేశాను.

రెండు వారాల తర్వాత, శనివారం మధ్యాహ్నం, మేఘన ల్యాప్‌టాప్ తీసుకుని వంటింట్లోకి వచ్చింది. మొహం పాలిపోయి ఉంది.

"నాన్నా, వాట్ షోల్డర్?"

"ఏ షోల్డర్ తల్లీ?"

"అదే అడుగుతున్నా. నా షోల్డర్‌కి ఏమైంది?"

మెయిల్ డానా దగ్గర్నుంచి. అందులో ఉన్నది ఇదీ: నీ ఆట నాకెంతో నచ్చింది. అయితే భుజం సంగతి దాచకుండా చెప్పిన మీ నాన్నగారికి కృతజ్ఞతలు. ఉన్న ఒక్క చోటూ ఈ ఏడు వేరే పిచర్‌కి ఇస్తున్నాం. ముందు డాక్టరుకి చూపించుకో, అలవాట్లు మెరుగుపరుచుకో. శుభాకాంక్షలు.

సునీత గరిటె స్టవ్ మీద పెట్టి నావైపు చూసింది. ఆ చూపు గురించి నేను రాయను.

ఇంతలో బెల్ మోగింది. గుమ్మంలో షారన్, చేతిలో పళ్లెమంత పావ్లోవా కేకు, పైన స్ట్రాబెర్రీలు. ఆవిడ కళ్లలో నీళ్లు. "రూబీకి ఆ కాలేజీలో సీటొచ్చింది! ఇంకో పిచర్ తండ్రే అంత మెచ్చుకుంటే ఇక ఆలోచించేదేముంది అన్నారట కోచ్. నీకున్న మనసు ఎవరికీ ఉండదు" అని నన్ను గట్టిగా కౌగిలించుకుంది. పొరుగింటి పుల్లకూర రుచంటారు. పొరుగింటి పావ్లోవా మాత్రం నా గొంతు దిగలేదు.

షారన్ వెళ్లాక మేఘనని కూర్చోబెట్టి దిష్టి గురించి, మర్యాద గురించి, మన పెద్దల గురించి గంటసేపు చెప్పాను. తను ఏడవలేదు, అరవలేదు. ఒక్కటే అడిగింది.

"సో, నువ్వు చెప్పిందంతా అబద్ధమా?"

"అంతా అబద్ధమే తల్లీ. అన్నిటికీ ఉల్టా."

"మరి ఇంట్లో నాతో చెప్పేవి? లేజీ అని, రూబీని చూసి నేర్చుకో అని?"

"అవీ అంతే."

ల్యాప్‌టాప్ మూసేసింది. "నేను నిజమే అనుకున్నా నాన్నా. నీకు నా గేమ్ నచ్చదనుకున్నా. అందుకే ఫైవ్‌కి లేచేదాన్ని."

దుప్పట్లో పడుకుని మురిసిపోతూ లెక్కపెట్టిన ఆ చప్పుళ్లన్నీ ఒక్కసారిగా నా నెత్తిన పడ్డాయి. ఆ క్షణంలోనైనా నోరు విప్పి ఒక్క మంచి మాట అనాలి కదా, ఏ తండ్రయినా? నేనేం చేశానో తెలుసా? "సరేలే, ముందు ఏదన్నా తిను" అన్నాను. ఆ సీటు పోయినందుకు పడే బాధ ఒక ఎత్తు, ఈ మాటకి పడే బాధ ఒక ఎత్తు. ఇప్పటికీ.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడంలో మాత్రం నేను వెనకబడలేదు. డాక్టర్ సర్టిఫికెట్ జతచేసి డానాకి నాలుగు పేజీల మెయిల్ కొట్టాను. మా అమ్మాయి కష్టజీవి, ఉక్కుమనిషి, కంచం కడిగి, తుడిచి, బోర్లిస్తుంది అని రాశాను. ఆవిడ మర్యాదగా జవాబిచ్చింది: "తల్లిదండ్రులు మొదట చెప్పిందే నిజమవుతుందని నా అనుభవం."

మేఘన ఇప్పుడు డునెడిన్‌లో ఫిజియోథెరపీ చదువుతోంది. అక్కడే ఒక క్లబ్‌కి పిచర్‌గా ఆడుతోంది. నామీద కోపం లేదంటుంది. ఉంటే నాకే కాస్త తేలిగ్గా ఉండేది. కిందటి నెల చిన్నపిల్లలకి కోచింగ్ ఇచ్చే పనికి అప్లై చేసింది. తన గురించి చెప్పగల ఇద్దరి పేర్లు అడిగారట. "నా పేరు ఇచ్చావా?" అన్నాను ఆశగా. "లేదు నాన్నా. నాకు ఈ జాబ్ కావాలి" అంది.

కాబట్టి, పెద్దలందరి సమక్షంలో, పూర్తి తెలివిలో ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా కూతుర్ని ఎవరి ముందూ, ముఖ్యంగా దాని ముందు, తీసిపారెయ్యను. ఎదుటివాళ్ల పిల్లల్ని పొగడవలసి వస్తే, ముందు నా పిల్లని పొగిడి, నీళ్లు తాగి, ఆ తర్వాతే పొగుడుతాను. దిష్టి తగిలితే ఉప్పూ ఎండుమిరపకాయలూ నేనే తిప్పి నిప్పుల్లో వేస్తాను, స్మోక్ అలారం మోగితే మోగనీ. ఇదిగో, ఇప్పుడే మొదలుపెడుతున్నాను: మేఘన ఆ రోజు టౌరంగాలో ఆడినట్టు ఆడినవాళ్లని నేనెక్కడా చూడలేదు. దాని భుజానికి ఏ జబ్బూ లేదు. అంత కష్టపడే మనిషి నాకు ఇంకొకరు తెలియదు. అది నా కూతురని చెప్పుకోవడం నాకు గొప్ప.

రాయడమైతే రాసేశాను. చిక్కేమిటంటే మేఘనకి తెలుగు చదవడం రాదు, వింటే అర్థమవుతుంది అంతే. ఈ ఆదివారం ఫోన్ చేసి నేనే చదివి వినిపించాలి. ఒక్క ముక్క మింగినా ఫోన్ లాక్కుని తనే మొదట్నుంచీ చదువుతానని సునీత ఇప్పట్నుంచే నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది.