ఆగయ్య ఎత్తేసిన పెంటకుప్ప

లాల్‌దర్వాజా వెనక సందుల్లో ఆగయ్య ఇల్లు ఎక్కడని అడిగితే ఎవరూ ఇంటి నంబరు చెప్పేవాళ్లు కాదు. "నాలా ఒడ్డుకు పెద్ద పెంటకుప్ప కనబడతది, దాని ఎదురుంగనే" అనేవాళ్లు. ఆ కుప్ప అతని తాత నాటిది. ఏడు బర్రెల పెండ రోజూ అక్కడే పడేది. ఎండాకాలంలో శివారు రైతులు బండ్లు కట్టుకొచ్చి ఎరువు తోలుకుపోయేవాళ్లు. వానలు పడేసరికి కుప్ప మళ్లీ మనిషెత్తు లేచేది.

పాల ఇళ్లవాళ్లకు ఒక కట్టుబాటు ఉండేది: ఎవరి పెంట పడే జాగ వాళ్లది. కాగితం లేదు, హద్దురాయి లేదు. అన్నదమ్ములు వేరుపడితే బర్రెలతో పాటు కుప్పనూ పంచుకునేవాళ్లు. ఆగయ్య కుప్పను ఆనుకునే అతని బర్రెలు నాలాలోకి దిగే బాట ఉండేది. పొద్దున పాలు పిండి వదిలితే ఎండ తగ్గేదాకా నీళ్లలోనే వాటి కాపురం. బర్రెకు నీళ్లు దొరక్కపోతే పాలు దిగవు. పాలు దిగకపోతే ఆగయ్య ఇంట్లో పొయ్యి వెలగదు. అంతకుమించి నాలా మీద అతనికి భక్తీ లేదు, ప్రేమా లేదు.

డెబ్బై నాలుగులో విమలాదేవి వచ్చింది. దగ్గర్లోని బడిలో సైన్సు టీచరు. పరిశుభ్రత మీద వ్యాసం రాయించి, మార్కులు వేసి ఊరుకునే రకమైతే ఎవరికీ ఏ నష్టమూ ఉండేది కాదు. ఆమె ముప్పైమంది పిల్లల చేతికి తట్టలిచ్చి నాలా దగ్గరికి నడిపించుకొచ్చింది.

మొదటిరోజే ఆగయ్యను అడిగింది.

"ఆ ముసలి బర్రె ఎప్పుడూ అదే చోట కూర్చుంటుందేం?"

"దాని కింద ఊట ఉన్నది టీచరమ్మా. సల్లగుంటది. మిగిలిన నాలా అంతా మోరీ నీళ్లే. మా ముత్తికి తెలుసు, మీ సైన్సుకే తెల్వదు."

పిల్లలు నవ్వారు. విమలాదేవి కూడా నవ్వి, పుస్తకంలో రాసుకుంది. ముత్తి కూర్చునే చోట పన్నెండు రోజులు బురద తోడారు. ఆగయ్య రోజూ పాలు పోసి వచ్చి పార పట్టాడు. పదమూడో రోజున అడుగు ఇసుక కనిపించింది. ఒకమ్మాయి దోసిట్లోకి నీళ్లు తీసుకుని తాగి, "ఇవి మన నాలా నీళ్లేనా?" అంది. ఆ సాయంత్రం ఆగయ్య ఆ మాట ఇంట్లో నాలుగుసార్లు చెప్పాడు.

అప్పుడొచ్చింది కుప్ప సంగతి. వాన పడితే పెండ కరిగి నేరుగా ఊటలోకి దిగుతుందని టీచరు బొమ్మ గీసి మరీ చూపించింది. అందులో అబద్ధమేమీ లేదు. అప్పటికే నాలా రక్షణ కమిటీ ఒకటి తయారైంది. కట్టెల మండి గుండయ్య దానికి అధ్యక్షుడు. బడి పిల్లలకు బిస్కెట్లు పంచినవాడు అధ్యక్షుడు కావడం మన దేశంలో మామూలే.

ఇంట్లో భార్య ఆండాలు ఒప్పుకోలేదు.

"కుప్ప తీస్తే ఆడ ఏముంటది?"

"జాగ ఉంటది."

"ఎవలి జాగ?"

"మనదే గదనే. ఎవలికి తెల్వదు?"

"తెలిసినోళ్లు ఇయ్యాల ఉన్నరు. రేపటికి?"

"నీకన్నీ అనుమానాలే. ఆ చిన్న పోరి ఊట నీళ్లు తాగింది, ఎరికేనా?"

నాలుగు రోజులు బండి తోలి, తాత వేసిన కుప్పను ఆగయ్య తనే ఎత్తేశాడు. అడుగున నేల ఎర్రగా, తడిగా బయటపడింది. ఆదివారం సభ. గుండయ్య అతని మెడలో బంతిపూల దండ వేసి, "ఇసుంటి త్యాగమూర్తి మన బస్తీల ఉండుడు మన అదృష్టం" అన్నాడు. త్యాగమూర్తి అనే మాటకు అర్థం ఆగయ్యకు సరిగా తెలియలేదు. నెల తిరక్కుండా తెలిసింది.

ముందు బోర్డు పాతడానికి రెండు గుంజలు వచ్చాయి. తర్వాత, ఎవరూ చెత్త వేయకుండా ముళ్లకంచె వచ్చింది. దానికో కాపలావాడు, కాపలావాడికో రేకుల షెడ్డు. షెడ్డులో ముందుగా నాలుగు వాసాలు ఆనించారు. దసరా నాటికి అది గుండయ్య రెండో మండి.

ఆగయ్య వెళ్లి అడిగాడు.

"సేట్, నా బర్రెలు యాడ దిగాలె?"

"బర్రెలు దిగితే మళ్ల గలీజే గద ఆగన్నా. నువ్వే సాఫ్ చేసినవ్, నువ్వే గలీజ్ చేస్తవా?"

"జాగ నాది సేట్."

"నిషానీ ఏమున్నది చూపియ్యి."

ఆగయ్య పాల ఇళ్ల పెద్దలను కూచోబెట్టాడు. వాళ్లు బీడీలు కాల్చి చాలాసేపు ఆలోచించారు. చివరికి అందరికన్నా పెద్దాయన అన్నాడు: "ఒకలు తీసేస్తే మేం లొల్లి చేసేటోళ్లం. నీ చేత్తోని నువ్వే తీసుకుంటివి. దండ గూడ ఏసుకుంటివి. ఇంక మాకేం మాట మిగిలింది?"

విమలాదేవి ఆఫీసుల చుట్టూ తిరిగింది. దరఖాస్తులు రాసింది. కమిటీకి రిజిస్టరు ఉంది, తీర్మానం ఉంది, రబ్బరు స్టాంపు ఉంది. ఆగయ్యకు ఏముందని ఆఫీసువాళ్లు అడిగారు. పెంటకుప్ప ఉండేదని చెబితే టేబులు అవతల మనిషి నవ్వాపుకోలేదు.

రెండు వేసవులు ఆగయ్య, ఆండాలు బోరింగు దగ్గర బిందెలతో నీళ్లు కొట్టి బర్రెల మీద పోశారు. బిందె నీళ్లతో బర్రె వీపు తడుస్తుంది, ఒళ్లు చల్లబడదు. పాలు సగమయ్యాయి. ఒక్కొక్కటే అమ్మగా ఏడు రెండయ్యాయి. ముత్తిని మాత్రం అమ్మలేదు, ఆ ముసలిదాన్ని కొనేవాడు లేడు. వదిలితే చాలు, కంచె దగ్గరికి పోయి నిలబడేది. కాపలావాడు కర్రతో కొట్టేవాడు. కంచె పోయి గోడ వచ్చాక కొట్టే పని లేకపోయింది. మండి నాలాలోకి కూడా జరిగింది, ఊట మీద బండలు పరిచి టేకు దుంగలు పేర్చారు. మురుగులో ఉన్నన్నాళ్లు ఎవరికీ అక్కర్లేని ఊట, శుభ్రమయ్యాక నాలుగేళ్లు కూడా వెలుతురు చూడలేదు.

డెబ్బై తొమ్మిదిలో విమలాదేవి మళ్లీ వచ్చింది. కొత్త పిల్లలు, అవే తట్టలు. ఈసారి నాలాకు దిగువన, ఎల్లప్ప ఇంటి ముందు. ఎల్లప్పకూ ఐదు బర్రెలు, ఒక కుప్ప. కబురు తెలిసి ఆగయ్య అందరికన్నా ముందే పోయి ఆ కుప్ప మీద తువ్వాలు పరుచుకుని కూచున్నాడు.

"దిగు ఆగయ్యా, పిల్లలు చూస్తున్నారు" అంది విమలాదేవి.

"చూడనీయుండ్రి. నాలా తోడుకోండ్రి టీచరమ్మా, నేను గూడ పార పడత. కుప్పను ముట్టకుండ్రి."

"కుప్ప ఉంటే నాలా మళ్లీ పాడవుతుంది. నీకు తెలుసు కదా."

"తెలుసు. కుప్ప లేకుంటే నాలానే ఉండదు. అది మీకు తెలుసు గద."

వెనక నిలబడ్డ పిల్లల్లో ఒకడు ముక్కు మూసుకున్నాడు. ఆమె వాడి చేతిని ముక్కు మీది నుంచి తీసేసి, తట్టలు తిరిగి బడికి మోసుకుపొమ్మంది. పోతూ పోతూ ఒక్క మాట అంది.

"నన్ను క్షమించు ఆగయ్యా."

"క్షమిస్తే బర్రెలు తిరిగొస్తయా టీచరమ్మా" అన్నాడు ఆగయ్య, కోపం లేకుండానే.

ఎల్లప్ప లోపలినుంచి చాయ్ తెచ్చిచ్చాడు. ఆగయ్య కుప్ప మీదే కూచుని తాగాడు. కంపు భరించలేనట్టుగా ఉంది. కింద నీళ్లలో ఎల్లప్ప బర్రెలు మెడదాకా మునిగి, కళ్లు సగం మూసుకుని ఉన్నాయి.

"రేపు మన ముత్తిని ఈడికి తోలుకరానా?" అని అడిగాడు ఆగయ్య.

ఎల్లప్ప నీళ్లకేసి చూశాడు. కుప్ప ఎవరిదో బాట వాళ్లది, బాట ఎవరిదో నీళ్లు వాళ్లవి. ఆ కట్టుబాటు ఇద్దరికీ తెలుసు.

"నా ఐదిటికే సరిపోతలేవన్నా" అన్నాడు ఎల్లప్ప.

ఆగయ్య కప్పు కింద పెట్టి, తువ్వాలు దులుపుకుని దిగాడు.