నిమ్మకాయతో సహా తూచిన జెట్ విమానం

కొలువులో చేరిన కొత్తలో నాకు రాని పనంటూ ఉండేది కాదు. ఎవరైనా "ఇది నీకు వచ్చా" అని అడగడం ఆలస్యం, నా తల దానంతటదే ఊగేది. పాఠాలు చెప్పి చెప్పి జుట్టు నెరుస్తున్న ఈ వయసులో (ఆ నెరుపు గోరింటాకు కింద భద్రంగానే ఉంది లెండి) నాకు రాని పనులు రోజుకొకటి బయటపడుతున్నాయి. ఆ రోజుల్లో మాత్రం అలా కాదు. చేతిలో కొత్త డిగ్రీ, ఫోనులో కావలసినన్ని వీడియోలు ఉండేవి. వీడియో చూస్తే చాలు, పని వచ్చేసినట్టే అని నమ్మే వయసు అది. అలా నమ్మే నేను ఒక జెట్ విమానాన్ని బిగించాను.

అప్పుడు వనపర్తి ఊరి చివర ఒక ప్రైవేటు బడిలో సైన్స్ చెప్పేదాన్ని. ఉద్యోగం తాత్కాలికం. మా ఊరు పెబ్బేరు అవతల. నాయనకు మెట్ట పొలం, పల్లి చేను తప్ప వేరే ఆధారం లేదు. ఆడపిల్ల ఊరుగాని ఊళ్ళో గది తీసుకుని ఉండడం ఆయనకు మింగుడుపడలేదు. వద్దని అనలేదు గానీ గడువు పెట్టాడు. ఈ ఏడాది చూస్తానని, ఆ బడివాళ్ళు కొలువు కాయం చెయ్యకపోతే సామాను సర్దుకుని ఇంటికి రావాలని, కుట్టుమిషను కొనిస్తానని చెప్పాడు. కుట్టుపని తక్కువదని నేను అనను. కానీ నేను కుట్టిన జాకెట్టు వేసుకుని పెళ్ళికి పోయిన మా చిన్నమ్మ ఆ రోజంతా చెయ్యెత్తి అక్షింతలు వెయ్యలేకపోయింది. పైగా పిల్లలు "మేడం" అని పిలిచే పిలుపు ఒకటి అప్పటికే నా చెవులకు అలవాటైపోయింది. అది పోతుందంటే నాకు నిజంగానే భయం వేసేది.

మా కరస్పాండెంట్ సార్‌కు వేరే భయం ఉండేది. బస్టాండు దగ్గరి బడివాళ్ళు వార్షికోత్సవానికి మేజిక్ షో పెట్టించారు. ఆ ఊపులో మా బడి పిల్లలు కొందరు అటు జారిపోయారు. దానికి జవాబుగా సార్ హైదరాబాదు పోయి రిమోటుతో ఎగిరే జెట్ విమానం ఒకటి పెట్టెతో సహా మోసుకొచ్చాడు. అందరూ రిమోటు విమానం అంటే తయారుగా వచ్చే ఆటవస్తువు అనుకున్నారు. పెట్టె తెరిస్తే లోపల థర్మకోలు లాంటి దిమ్మలు, రెక్కలు, వైర్లు, అగ్గిపెట్టెంత మోటార్లు, విమానం కడుపులో బిగించే చిన్న పంకా, వీటన్నిటికీ బొమ్మలతో ఒక కాగితం కనిపించాయి. స్టాఫ్ రూములో అందరూ కప్పుల్లోని టీ వంక చూడడం మొదలుపెట్టారు. మీకు వస్తుందా మేడం అని సార్ అడిగాడు. నా తల ఊగింది.

"యానివర్సరీ నాడు గిది ఎగిరిందనుకో మేడం, మిమ్మల్ని కాయం చేస్త. ఎగరలేదనుకో..." అని ఊరుకున్నాడు. ఆయన ఏ మాటకూ రెండో సగం చెప్పేవాడు కాదు. అది మేమే పూర్తి చేసుకుని భయపడాలి.

ఆ మర్నాటి నుంచి సాయంత్రాలు సైన్స్ ల్యాబులోనే గడిచాయి. మొదటి రోజే తోకకు చిటికెలో అతికే గమ్ము రాశాను. అది అతకడం మానేసి తోకను తినడం మొదలుపెట్టింది. వేలు పట్టేంత బొక్క పడ్డాక, ఈ దిమ్మలకు వేరే గమ్ము వాడాలని కాగితంలో బొమ్మ కనబడింది (సీసా మీద పెద్ద ఇంటూ గుర్తు). బొక్కను పూడ్చి పైన మా బడి స్టిక్కరు అంటించాను. చూసినవాళ్ళంతా స్టిక్కరు సరైన చోట పెట్టావని మెచ్చుకున్నారు. రెక్కల్లో కడ్డీ దూర్చి, కదిలే పలకలకు మోటార్లు తగిలించి, రిమోటుకూ విమానానికీ జత కుదిర్చేసరికి నాకు విమానం మీద ప్రేమ లాంటిది కలిగింది.

నడిపే పని మా డ్రిల్లు సార్‌ది. మెడలో విజిల్ లేకుండా ఆయనను ఎవరూ చూడలేదు కాబట్టి పిల్లలు విజిల్ సార్ అనేవారు. చిన్నప్పుడు పతంగులు బాగా ఎగరేశాడన్నదే ఆయన అర్హత. కంప్యూటర్ ల్యాబులో విమానం ఆట ఆడి ఆడి ఆ అర్హతను ఇంకాస్త పెంచుకున్నాడు. మొదటిసారి ఆయన రిమోటు కుడికి తిప్పితే పలకలు ఎడమకు లేచాయి. మోటారు దిశ తలకిందులైందని నేను కంగారుపడుతుంటే ఆయన మాత్రం నిమ్మళంగా, పరేషాన్ కాకండి మేడం, నేనే ఉల్టా తిప్పుత అన్నాడు. ఆయన మంచి మనిషి. కానీ ఆయన ఉల్టా జ్ఞాపకశక్తి మీద నా కొలువు ఆధారపడడం ఇష్టంలేక రిమోటులోనే దిశ మార్చాను.

అన్నిటికంటే కష్టమైనది తూకం. రెక్కల కింద రెండు గుర్తులుంటాయి. అక్కడ రెండు వేళ్ళు పెట్టి ఎత్తితే విమానం తరాజులా సమంగా నిలవాలి. ముక్కు బరువైతే విమానం తల దించుకుని పోతుందట, దాన్ని ఎలాగో దించుకోవచ్చట. తోక బరువైతే తల ఎగరేసి పోతుందట, అప్పుడు అది ఎవరి మాటా వినదట (మా ఇంట్లో నా గురించి అనుకునేది కూడా ఇంచుమించు ఇదే). బ్యాటరీని ముందుకూ వెనక్కూ జరుపుతూ, చివరకు నా వేళ్ళ మీద అది కదలకుండా నిలిచినప్పుడు కలిగిన సంతోషం డిగ్రీ పాసైనప్పుడు కూడా కలగలేదు.

ఇక ఒకసారి ఎగరేసి చూడడమే మిగిలింది. అక్కడే కరస్పాండెంట్ సార్ వాళ్ళ అమ్మ అడ్డుపడింది. మేమంతా పెద్దమ్మ అనేవాళ్ళం. బడికి పెట్టుబడి ఆమె పొలం అమ్మగా వచ్చిందే కాబట్టి ఆమె మాటకు తిరుగులేదు. బడికి ఏ కొత్త బస్సు వచ్చినా ఆమె చేతుల మీదుగా పూజ జరిగేదాకా గేటు దాటదు. పూజ కాని కొత్త బండిని రోడ్డు ఎక్కించకూడదు, అలాంటిది ఆకాశం ఎక్కిస్తారా అని ఆమె వాదన. ముందు పూజ చేసేయండి అంటే, మంచిరోజు వార్షికోత్సవం నాడే ఉందని చెప్పింది. అందుకని ఆ విమానం మొదటి ఎగురుడు, ఊరంతా చూసే ఎగురుడు ఒకటే అయ్యాయి. ఒక్కసారైనా చూసుకోకపోతే ఎట్లా అని నేను గొణిగాను. బస్సును ముందే నడిపి చూసుకున్నామా అని సార్ అన్నాడు.

వార్షికోత్సవం సాయంత్రం మైదానం నిండా తల్లిదండ్రులు. మా నాయన కూడా ఉతికిన పంచె కట్టుకుని వచ్చి వెనక వరుసలో కూర్చున్నాడు. ముఖ్య అతిథి నడవడానికి టెంట్ హౌస్ నుంచి తెచ్చిన ఎర్ర తివాచీలనే ముక్కకు ముక్క కలిపి రన్‌వేగా పరిచారు. పెద్దమ్మ విమానం రెక్కలకు పసుపు పూసి ముక్కుకు బొట్టు పెట్టింది. కొబ్బరినీళ్ళు వైర్ల మీద పడకుండా విజిల్ సార్ తన టోపీ అడ్డం పెట్టాడు. బస్సుకైతే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు. ఈ విమానం చక్రాలు అంగీ గుండీలంత ఉన్నాయి. నిమ్మకాయ ముందర అది కొండ ఎదుట నిలబడ్డట్టు నిలబడింది. తొక్కడం కుదరదని తేలాక, అయితే ముక్కుకు కట్టాల్సిందే అని పెద్దమ్మ తేల్చింది.

ఆమె తెచ్చింది మామూలు కాయ కాదు, పిడికిలంత ఉంది. పక్కన మిరపకాయలు అదనం. బరువు పెరిగి ముక్కు వాలిపోతుందని సార్‌కు చెప్పాను. సార్ వాళ్ళ అమ్మ వంక చూశాడు. వాళ్ళ అమ్మ నా వంక చూసింది. ఇక వాదించి లాభం లేదని తెలిసిపోయింది. పోనీ టేపుతో గట్టిగా అంటిస్తాను, ఊగకుండా ఉంటుంది అన్నాను.

"టేపు ఏస్తే దిష్టి ఎట్ల గుంజుతది బిడ్డా? పసుపుదారంతోనే కట్టాలె" అంది పెద్దమ్మ, పసిపిల్లకు చెప్పినట్టు.

కరస్పాండెంట్ సారే కింద కూర్చుని తన చేత్తో కట్టాడు. నేను అక్కడికక్కడే రెక్కల కింద వేళ్ళు పెట్టి ఎత్తాను. అనుకున్నట్టే ముక్కు వాలింది. అప్పుడు నాలోని సైన్స్ మేడం మేలుకుంది. మూత తీసి బ్యాటరీని వెనక్కి, ఇంకాస్త వెనక్కి జరిపాను. విమానం, నిమ్మకాయ, మిరపకాయలు అన్నీ కలిసి నా వేళ్ళ మీద మళ్ళీ సమంగా నిలిచాయి. ఏ వీడియోలోనూ లేని లెక్క నేను కట్టానని ఎంత గర్వపడ్డానో చెప్పలేను. వెనక వరుసలో నాయన కనబడుతున్నాడేమోనని మెడ సాచి చూశాను కూడా.

విజిల్ సార్ విజిల్ ఊదాడు. పంకా తిరిగింది. విమానం తివాచీ మీద పరుగందుకుంది. మొదటి తివాచీ అయిపోయి రెండోది మొదలయ్యే చోట అంచు కొంచెం లేచి ఉంది. అక్కడ చిన్న కుదుపు. పసుపుదారం తెగింది. నిమ్మకాయ దొర్లుకుంటూ ముఖ్య అతిథి కాళ్ళ దగ్గరికి వెళ్ళి ఆగింది. విమానం మాత్రం ఆగలేదు. ముక్కు మీది బరువు పోయి, వెనక్కి జరిపిన బ్యాటరీ బరువు మిగిలి, తల ఎగరేసి నిట్టనిలువుగా లేచింది. జనం చప్పట్లు కొట్టారు. అది తోక మీద నిలబడి ఒక పిల్లిమొగ్గ వేసింది. ఇంకా గట్టిగా కొట్టారు. విజిల్ సార్ రిమోటును కుడికీ ఎడమకీ, ఆఖరికి పాత అలవాటు కొద్దీ ఉల్టాకీ తిప్పాడు. విమానం ఎవరి మాటా వినలేదు. ప్రహరీ గోడ దాటి అవతలి పల్లి చేన్లో ముక్కు గుచ్చుకుని పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. చప్పట్లు మెల్లగా ఆగిపోయాయి. నాకు కుట్టుమిషను చప్పుడు వినబడసాగింది.

కార్యక్రమం ముగిశాక ఆఫీసు గదికి పిలిచారు. సార్, పెద్దమ్మ, ముక్కు లేని విమానం అక్కడ ఉన్నాయి. తలుపు దగ్గర నాయన నిలబడ్డాడు. ఎందుకు పడిందో చెప్పమన్నాడు సార్. నేను సుద్దముక్క తీసుకుని బోర్డు మీద విమానం గీసి, నిమ్మకాయ గీసి, బరువులు ఎటు ఎంత లాగుతాయో బాణం గుర్తులు వేసి, పదో తరగతికి చెప్పినంత శ్రద్ధగా చెప్పాను. నిమ్మకాయ ఉన్నంతసేపూ విమానం బాగానే ఉందని, నిమ్మకాయ పడిపోయిన క్షణమే అది చెడిందని, ఇది శాస్త్రం అని ముగించాను.

పెద్దమ్మ కళ్ళు మెరిశాయి.

"నేను ఇన్నేండ్ల సంది చెప్తున్నది గదే గదా బిడ్డా. నిమ్మకాయ పోయింది, ఇమానం పోయింది. సదువుకున్న పిల్ల కాబట్టి బొమ్మ గీసి మరీ చెప్పింది" అంది.

నేనన్నది అది కాదని ఇంకోసారి చెప్పబోయాను. బోర్డు వంక చూస్తే నా బాణం గుర్తులన్నీ ఆమె మాటకే సాక్ష్యం పలుకుతున్నాయి. ఇక దారం ఎవరు కట్టారన్న ప్రశ్న మిగిలింది. సార్ తన చేతివేళ్ళకున్న పసుపు వంక చూసుకుని, తప్పు మేడంది కాదని ఒప్పుకున్నాడు. నన్ను కాయం చెయ్యమని పెద్దమ్మే చెప్పింది. నాయన బయటికొచ్చాక, "సరే, ఉండు తియ్" అని ఒక్క మాట అని బస్సుకు పోయాడు. కొలువుతో పాటు ఒక బాధ్యత కూడా నాకు అప్పజెప్పారు. ముడి విలువ తెలిసిన మనిషి బడి మొత్తంలో నేనొక్కదాన్నే కాబట్టి, ఆ జూన్ నుంచి ప్రతి అమావాస్యకూ బడి బస్సులకు నిమ్మకాయలు కట్టే పని సైన్స్ మేడంకు పడింది.

ఇప్పుడు నేను నాగర్‌కర్నూల్ దగ్గర సర్కారు బడిలో ఉన్నాను. ఇక్కడ బస్సులూ లేవు, నన్ను ఎవరూ ఏమీ కట్టమని అడగరు. అప్పుడప్పుడు ఒకప్పటి నేనైన ఆ పిల్ల గుర్తొస్తుంది. బస్సు బంపరు ముందు గొంతుక్కూర్చుని, పసుపు చేతులతో ముడి మీద ముడి బిగిస్తూ, చదివిన చదువు ఇందుకా అని పైకి విసుక్కుంటూ ఉండేది. లోపల మాత్రం కాయం అయ్యానని ఒకటే మురిసిపోయేది. ఆ తర్వాత ఇంతకంటే పెద్ద కొలువుల ఆర్డర్లే చేతికి వచ్చాయి కానీ, అంత మురిపెం మళ్ళీ ఎప్పుడూ కలగలేదు.